షీ అంటే ఎవరు

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా బాగున్నాం. నువ్వూ, మావయ్యా, అత్తయ్యా కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. ముందు ‘మనమంతా బాగున్నాం’ అని రాసి కొట్టేశాను. నువ్వు అక్కడ, నేను ఇక్కడ ఉంటే మనం అని ఎలా రాయను? ఇంగ్లీషు వాళ్ళకు ఈ చిక్కు లేదు. మనమైనా, మేమైనా వాళ్ళకు ‘వీ’ ఒక్కటే.

కిందటి ఉత్తరంలో నువ్వడిగిన వాటికి వరసగా జవాబులు రాస్తున్నాను. నీ అల్లుడి దగ్గు తగ్గింది. మందు తాగమంటే మాత్రం ఇప్పటికీ చిన్నపిల్లాడిలా మొహం తిప్పుకుంటారు. పాపకు ముందు పళ్ళు రెండు ఊడాయి. ‘అమ్మమ్మకు చూపించాలి’ అని వాటిని అగ్గిపెట్టెలో దాచింది. నువ్వు కుట్టి పంపిన గౌను భుజాల దగ్గర సరిగ్గా సరిపోయింది. పొడవు కాస్త ఎక్కువైతే మడిచి కుట్టాను. మావయ్య కొట్లో నీకు కాజాలు కుట్టే పని తగ్గించమని నేను చెప్పానని చెప్పు. నీ కళ్ళు ఇంక ఎన్నాళ్ళు ఓర్చుకుంటాయి?

నీ చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నాలుగు రోజులు కలం ఆగిపోయింది. ‘బడి ఉద్యోగం మానేసి ఏదో హోటల్లో పనివాళ్ళకు ఇంగ్లీషు నేర్పుతున్నావట, ఏ హోటలో రాయలేదేం?’ అని అడిగావు. రాస్తే నువ్వు మర్నాడే బండెక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కుపోతావని రాయలేదు. అదే హోటలమ్మా. నువ్వు తొమ్మిదేళ్ళు ఇస్త్రీ గదిలో నిలబడి పని చేసిన హోటలే.

పని దొరికి అక్కడికి వెళ్ళలేదు. వెళ్ళాలనుకుని పని వెతుక్కున్నాను. పనివాళ్ళందరికీ ఇంగ్లీషులో రిపోర్టులు రాయడం నేర్పడానికి టీచరు కావాలని వాళ్ళు పేపర్లో వేసిన రోజున, అది చదివి మంచం మీద కూర్చుండిపోయాను. పంతొమ్మిదేళ్ళుగా నేను వ్యాకరణం చదివింది దీనికోసమేనేమో అనిపించింది. నీకు కోపం వస్తుందని తెలుసు. వచ్చినా సరే, చివరిదాకా చదువు.

వెనక గేటు అలాగే ఉంది. దుప్పట్లు ఆరేసే పెరడు అలాగే ఉంది, తీగలు మాత్రం కొత్తవి. కాలిన గదిని ఇప్పుడు సబ్బు డబ్బాలకు వాడుతున్నారు. ఎన్నిసార్లు సున్నం కొట్టారో గానీ, పైకప్పు మూలన నల్లటి మరక ఇంకా తెలుస్తోంది. ఆవిడ కూడా అలాగే ఉంది. మీరంతా వెనక ‘అంతే మేడం’ అని పిలుచుకునే ఆవిడ. ప్రతి మాట చివరా ‘అంతే’ అనడం మానలేదు. అప్పుడు ఇస్త్రీ గదికి సూపర్‌వైజరు, నేను చేరేనాటికి హోటలు మొత్తానికి గదుల అధికారి. ఇంకో ఐదు నెలల్లో ఆ ఉద్యోగం నుంచి దిగి, కొత్తగా పెట్టబోయే శిక్షణ కేంద్రానికి పెద్దగా కూర్చోబోతోందని అన్నారు. తలుపు మీద ఇత్తడి పలక కూడా చేయించారు. నన్ను గుర్తుపట్టలేదు. పదకొండేళ్ళ పిల్ల మొహం ఎవరికి గుర్తుంటుంది?

ఆ రోజు సంగతి నీకు నేను చెప్పాల్సిన పని లేదు. అయినా ఒకసారి వరసగా రాయనివ్వు. ఆ వరసలో నాకు తెలిసి నీకు తెలియని ముక్క ఒకటుంది.

నువ్వు నాలుగింటికి పని దిగి ఇంటికి వచ్చావు. ఐదింటికి పెద్ద యజమాని వస్తున్నాడని ఆవిడ తన కోటు ఇస్త్రీ చేసుకోవడానికి ఒక్కతే ఆ గదిలో ఆగింది. చేసుకుని, పెద్ద ఇస్త్రీ యంత్రం ఆపకుండా, గదికి తాళం వేసి, ఆయన వచ్చి వెళ్ళగానే ఇంటికి వెళ్ళిపోయింది. ఆరింటికి దుప్పట్లు అంటుకున్నాయి. దుప్పట్లు ఉతికే తాత పొగ చూసి, లోపల నువ్వున్నావనుకుని తలుపు బద్దలుకొట్టాడు. కుడిచెయ్యి మోచేతిదాకా కాలిపోయింది. అప్పటికి ఆయనకు యాభై దాటాయంతే. జుట్టు ముందే తెల్లబడిందని అందరూ తాత అనేవాళ్ళు. నిన్ను ‘అమ్మాయ్’ అని పిలిచేవాడు.

మర్నాడు పొద్దున ఆవిడ పెరట్లో నీ చేతులు పట్టుకుని ఏడ్చింది. ‘నేనే మర్చిపోయాను, కోటు తొందరలో ఉన్నాను’ అంది. నువ్వు ఓదార్చావు కూడా. సాయంత్రం ఇంగ్లీషులో రాసిన కాగితం పట్టుకుని మన ఇంటికే వచ్చింది. జరిగినదంతా తాను నీతో ఒప్పుకున్నట్టు రాశానని, నువ్వు సాక్షి సంతకం పెట్టాలని అడిగింది. నువ్వు నాతో చదివించుకుని సంతకం పెట్టావు. మూడో రోజు నిన్ను అందరి ముందూ పంపించేశారు. యంత్రం ఆపనిది నువ్వేనని, ఒప్పుకుని సంతకం కూడా పెట్టావని అన్నారు. ఆసుపత్రికి మూడుసార్లు వెళితే తాత మూడుసార్లూ గోడవైపు తిరిగి పడుకున్నాడు. వీధిలో వాళ్ళు నీ మొహం మీదే, ముసలాయన చెయ్యి కాల్చిన మనిషి అన్నారు. ఆ నెలలోనే మనం మావయ్య దగ్గరికి వచ్చేశాం. ఆ తర్వాత నువ్వు ఇంట్లో కూడా ఇస్త్రీ పెట్టె ముట్టుకోలేదు.

ఇక నా సంగతి. మధ్యాహ్నం మూడింటికి, పని మారే వేళ నా క్లాసు. భోజనాల హాల్లో బల్లలు జరిపి కూర్చుంటారు. గేటు గార్డు, గదులు ఊడ్చే అక్క, వంటింట్లో కూరలు తరిగే ఆయన, ఇస్త్రీ గది పిల్లలు, ఇంకా పదిమంది ఉంటారు. మంచివాళ్ళు, నోరున్నవాళ్ళు. ‘నేను’కు ఇంగ్లీషులో ఐ, మీ, మై, మైన్, మైసెల్ఫ్ అని ఐదు వేషాలున్నాయని చెప్పిన రోజున కూరలాయన, “ఒక్క మనిషికి ఇన్ని చొక్కాలెందుకు టీచరమ్మా?” అన్నాడు. వేలు కోసుకుని ‘ఐ కట్ మై ఫింగర్ కేర్‌లెస్’ అని రాసిందీ ఆయనే. కేర్‌లెస్ అంటే మనిషి గుణం, కేర్‌లెస్లీ అంటే పని చేసిన తీరు, కేర్‌లెస్‌నెస్ అంటే ఆ అజాగ్రత్తకు పేరు అని చెబితే, “తెగింది ఒక్క వేలే, మాటకు మూడు తోకలు” అని కట్టు కట్టిన వేలు అందరికీ చూపించాడు.

గార్డుకు వేరే అనుమానం. “‘యూ’ అంటే నువ్వా, మీరా?”

“రెండూనూ.”

“అయితే మేడంని యూ అంటే నువ్వు అన్నట్టా?”

“మీ మనసులో ఏదుంటే అది.”

“ఇంత సుఖమైన భాష ఇన్నాళ్ళూ నేర్చుకోలేదు” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ కాగితం ఎక్కడుందా అని ఆలోచిస్తున్నాను.

మూడో వారంలో అంతే మేడం దగ్గరికి వెళ్ళి, పాఠానికి నిజమైన పాత రిపోర్టులు కావాలని అడిగాను. ఆవిడ ముచ్చటపడిపోయింది. “నేను రాసినవే తీసుకో. ఇరవై ఏళ్ళ నాటివి కూడా ఉన్నాయి. ఒక్క తప్పుండదు, అంతే” అని బీరువా తెరిపించే చీటీ మీద తనే సంతకం పెట్టింది. ఫైళ్ళ గదిలో ఇద్దరు మనుషుల ఎత్తున కట్టలున్నాయి. దుమ్ముకు తుమ్ముకుంటూ రెండు మధ్యాహ్నాలు వెతికాను. దొరికింది. ఒక్క పేజీ, మూడు వాక్యాలు, కింద నీ సంతకం.

ఆ ఇంగ్లీషును తెలుగు అక్షరాల్లో రాస్తాను, నువ్వు కూడా చదువుకోవాలి. మొదటిది: ‘ఎ ఫైర్ బ్రోక్ అవుట్ ఇన్ ద ప్రెస్ రూమ్.’ అంటే ఇస్త్రీ గదిలో నిప్పు అంటుకుంది. రెండోది: ‘ద సూపర్‌వైజర్ టోల్డ్ ద ప్రెస్సర్ దట్ షీ హాడ్ లెఫ్ట్ ద ప్రెస్ ఆన్, లాక్డ్ ద రూమ్ విత్ హర్ కీ అండ్ గాన్ హోమ్.’ యంత్రం ఆపకుండా, తన తాళంచెవితో గదికి తాళం వేసి, ఇంటికి వెళ్ళిపోయిందని సూపర్‌వైజరు ఇస్త్రీ ఆవిడతో చెప్పింది. మూడోది: ‘షీ రిగ్రెట్స్ హర్ కేర్‌లెస్‌నెస్.’ తన అజాగ్రత్తకు ఆమె విచారిస్తోంది.

ఎవరు వెళ్ళిపోయారు? ఎవరు విచారిస్తున్నారు? షీ. ఇద్దరూ ఆడవాళ్ళే, ఇద్దరికీ షీ సరిపోతుంది. నీకు వినిపించేటప్పుడు ఆ షీ ఆవిడ. ఇంగ్లీషు వచ్చిన పెద్ద యజమాని నీ సంతకం చూసి చదివేటప్పుడు ఆ షీ నువ్వు. తొందరలో రాసిన తప్పు కాదమ్మా ఇది. కూర్చుని, ఆలోచించి, రెండువైపులా పదును పెట్టిన మాట. బీరువా ముందు నేల మీద కూర్చుని ఆ కాగితం పదిసార్లు చదివాను. ఏడుపు రాలేదు. ఆవిడను ఎక్కడ నిలబెట్టాలో, ఎవరి ముందు నిలబెట్టాలో ఆలోచించుకుంటూ కూర్చున్నాను.

పెద్ద యజమాని ఇప్పుడు మంచంలో ఉన్నాడు. హోటలు చూసేది ఆయన కొడుకు. అందరూ చిన్నాయన అంటారు. నెలాఖరున క్లాసు ఎలా నడుస్తోందో చూడటానికి ఆయన వస్తారని, తానూ వస్తానని మేడం కబురు పంపింది. నాకు కావలసినదీ అదే.

ఇద్దరూ వచ్చి వెనక బల్ల దగ్గర కూర్చున్నారు. చిన్నాయన చేతిలో టీ కప్పు. నేను బోర్డు మీద రెండో వాక్యం సగం రాసి ఆపాను. ‘షీ హాడ్ లెఫ్ట్ ద ప్రెస్ ఆన్’ దాకా రాసి చుక్క పెట్టాను.

“యంత్రం ఆపనిది ఎవరు? సూపర్‌వైజరా, ఇస్త్రీ ఆవిడా?”

సగం మంది అటు, సగం మంది ఇటు చేతులెత్తారు. కాసేపు వాదులాడుకున్నారు. గదులు ఊడ్చే అక్క విసుక్కుంది. “తెలుగులో ఈ గోలే లేదు టీచరమ్మా. ‘తాను మర్చిపోయానని చెప్పింది’ అంటే చెప్పినావిడ. ‘నువ్వు మర్చిపోయావని చెప్పింది’ అంటే విన్నావిడ. చిన్నపిల్లకైనా తెలుస్తుంది. ఇంగ్లీషు వాళ్ళు ఎలా బతుకుతున్నారో?”

“వాళ్ళు జాగ్రత్తగా రాస్తారు” అన్నాను. “జాగ్రత్తగా రాయకపోతే ఒకరి తప్పు ఇంకొకరి నెత్తి మీద పడుతుంది.”

వెనక నుంచి మేడం గొంతు సవరించుకుంది. ఆ వాక్యాన్ని గుర్తుపట్టినట్టే ఉంది. అయినా ఒక ఇంగ్లీషు టీచరు తన వాక్యాన్ని తప్పు పట్టడం ఓర్చుకోలేకపోయింది. “ఇందులో తికమకేముంది? షీ అంటే ఇస్త్రీ మనిషి. యంత్రం ఆమెది, పని ఆమెది. ఒక వాక్యంలో షీ అని ఒకసారి అన్నాక చివరిదాకా ఆమే. అంతే.”

“మేడం గారు మంచి సూత్రం చెప్పారు, రాసుకోండి” అన్నాను. అందరూ రాసుకున్నారు. వాళ్ళు రాసుకునేదాకా ఆగి, బోర్డు మీది చుక్క వేలితో చెరిపేసి, ఆ చోట కామా పెట్టి మిగతాది రాశాను. ‘లాక్డ్ ద రూమ్ విత్ హర్ కీ అండ్ గాన్ హోమ్.’

“ఇప్పుడు చూడండి. షీ ఒక్కతే, చేసిన పనులు మూడు. యంత్రం ఆపలేదు, తన తాళంచెవితో తాళం వేసింది, ఇంటికి వెళ్ళింది. మధ్యలో మనిషి మారడానికి వీల్లేదు. మేడం గారి సూత్రం అదే.”

ముందు అర్థమైంది గార్డుకు. “అదెలా కుదురుతుంది టీచరమ్మా? ఇస్త్రీ వాళ్ళకు తాళంచెవి ఎక్కడిది? ఆ గది చెవి సూపర్‌వైజరు దగ్గరే ఉంటుంది. నా ముందు గార్డు రాసిన తాళంచెవుల పుస్తకంలోనూ అంతే, ఇప్పుడూ అంతే.”

ఇస్త్రీ గది పిల్లలు తలలూపారు. “మేం తలుపు దగ్గర నిలబడి ఎదురుచూస్తాం. వాళ్ళొచ్చి తీస్తేనే పని” అంది ఒక పిల్ల.

చిన్నాయన కప్పు కింద పెట్టాడు. “ఇది ఎప్పటి రిపోర్టు?”

“పాతది” అంది మేడం. “ఏదో వ్యాకరణ పాఠం కోసం తీసుకున్నారు.”

“వ్యాకరణమే సార్” అని కాగితం ఆయన చేతికిచ్చాను. ఆయన చదివాడు, కింద సంతకం చూశాడు. “ఈ సంఘటన నాకు గుర్తుంది. నాన్న ఒక ఇస్త్రీ ఆవిడను పంపించేశారు. అప్పుడు ఇస్త్రీ గది సూపర్‌వైజరు మీరే కదా మేడం?”

“నేనే. కానీ ఇక్కడ... మొదటి షీ వేరు, తాళం వేసిన షీ వేరు.”

“ఇప్పుడే ఒకరే అన్నారు కదండీ, రాసుకున్నాం” అన్నాడు కూరలాయన నోటుపుస్తకం పైకెత్తి. వెక్కిరింపుగా కాదు, పాఠం తప్పిపోతుందేమోనన్న కంగారులో అన్నాడు. కానీ నేను వంద తిట్లు వెతికినా అంత గట్టిగా తగిలేది దొరికేది కాదు.

చిన్నాయన మేడం మొహం వంకే చూస్తున్నాడు. “తికమక లేకుండా రాయండి మేడం. బోర్డు మీద.”

“ఇంతమంది ముందు...”

“పాత రిజిస్టర్లన్నీ తెప్పించమంటారా?”

ఆవిడ లేచింది. బల్లల మధ్య నుంచి నడిచి వచ్చింది. సుద్దముక్క నేనే అందించాను. ‘ద సూపర్‌వైజర్ హాడ్’ అని మొదలుపెట్టింది. “తన గురించి తాను రాసుకునేటప్పుడు ఐ అని రాస్తాం మేడం” అన్నాను. సుద్ద విరిగింది. కిందపడిన ముక్క ఎవరూ తీయలేదు. చేతిలో మిగిలిన దానితో రాసింది. ‘ఐ హాడ్ లెఫ్ట్ ద ప్రెస్ ఆన్, లాక్డ్ ద రూమ్ విత్ హర్ కీ.’ నేను హర్ కింద గీత గీశాను. ఆవిడ చెరిపి మై అని రాసింది. తర్వాతి వాక్యం ‘ఐ రిగ్రెట్స్ మై కేర్‌లెస్‌నెస్’ అని రాసింది. పంతొమ్మిదేళ్ళ నాటి వాక్యం చేతికి అంతగా అలవాటైపోయింది.

“ఐ పక్కన ఎస్ రాదు మేడం.”

ఆవిడ చిటికెనవేలితో ఆ ఒక్క అక్షరం తుడిచింది. హాల్లో ఎవరూ నవ్వలేదు. గదులు ఊడ్చే అక్క మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడ నావైపు తిరిగి, నాకు మాత్రమే వినబడేలా “ఎవరు నువ్వు?” అని అడిగింది. నేను ఒక వాక్యంలో చెప్పాను. ఆ వాక్యమేమిటో కింద రాస్తాను.

జాలి కలిగిందా అని నువ్వు తప్పకుండా అడుగుతావు. లేదమ్మా. మర్నాడు ఆవిడ దుప్పట్లు పెట్టే గదిలోకి నన్ను వెతుక్కుంటూ వచ్చి, “నాలుగు నెలలు ఆగితే గౌరవంగా వెళ్ళిపోయేదాన్ని. ఒక్కసారి నాతో ఒంటరిగా మాట్లాడి ఉండాల్సింది” అంది.

“మీరు మా అమ్మతో ఒంటరిగానే మాట్లాడారు. పెరట్లో ఏడ్చి మరీ మాట్లాడారు.”

“అప్పుడు భయపడ్డాను.”

“ఇప్పుడు కూడా భయపడండి” అన్నాను.

ఆ వారంలోనే ఆవిడను పంపించేశారు. శిక్షణ కేంద్రం తలుపు మీద ఇత్తడి పలక ఊడదీస్తుంటే నేను పని మానుకుని వెళ్ళి నిలబడి చూశాను. ఆఖరి మేకు బిగుసుకుపోయి చాలాసేపు రాలేదు. వచ్చేదాకా కదల్లేదు. ఇంత కసి నాలో ఎక్కడుందో నాకే తెలియదు. నువ్వు పెంచినది మాత్రం కాదు.

చిన్నాయన నీకు క్షమాపణ ఉత్తరం రాయించాలని, ఇంగ్లీషులో చిత్తు రాసిమ్మని నన్ను అడిగాడు. ఇంగ్లీషు వద్దని చెప్పాను. తెలుగులో రాయించాను. ‘యంత్రం ఆపకుండా గదికి తాళం వేసి వెళ్ళింది సూపర్‌వైజరు. ఆ సంగతి తానే అందరి ముందూ ఒప్పుకున్నది. ఇస్త్రీ ఆవిడ తప్పేమీ లేదు’ అని ఉంటుంది. కింద ఆయన సంతకం ఉంది. ఇందులో పెడుతున్నాను. మావయ్య కొట్లో అందరికీ చూపించు.

ఆ ఉత్తరం నకలు తీసుకుని తాత దగ్గరికి వెళ్ళాను. నీళ్ళ పంపులు బాగుచేసే కొట్టు పైన, కూతురి ఇంట్లో ఉంటున్నాడు. డెబ్బై దాటాయి. చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకుంటున్నాడు, ఒక్కొక్కటీ ఓపిగ్గా. సాయం చేయబోతే వద్దన్నాడు. నేనెవరో చెప్పగానే లేచి లోపలికి వెళ్ళిపోబోయాడు. గుమ్మం దగ్గరే నిలబెట్టి చదివాను. రెండోసారి చదవమన్నాడు. చదివాను.

“మీ అమ్మ లోపలుందనే తలుపు పగలగొట్టాను” అన్నాడు. “ఆ పొగలో ‘అమ్మాయ్, అమ్మాయ్’ అని అరుస్తూ వెతికాను. తర్వాతేమో ఆసుపత్రిలో చెప్పారు, నువ్వు వెతికిన మనిషే గది తగలబెట్టి ఇంటికెళ్ళి నిద్రపోయిందని. ఒంట్లో మంట కంటే ఆ మాట మండింది.”

కాలిన చెయ్యి నిమురుకుంటూ కూర్చున్నాడు. ఆయన కూతురు మంచినీళ్ళు తెచ్చిపెట్టినా చూడలేదు. తర్వాత అడిగాడు. “మీ అమ్మ తెలివైన మనిషి. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టేది కాదు. ఆ కాగితం ఆవిడకు ఎవరు చదివి చెప్పారు?”

నేను జవాబు చెప్పలేదు. నీకు చెప్పకుండా ఆయనకు ముందు చెప్పడం న్యాయం కాదనుకున్నాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

ఆ సాయంత్రం మేడం మన గుమ్మంలో కూర్చుంది. ‘మా అమ్మాయి ఇంగ్లీషులో ఫస్టు, అదే చదివి చెబుతుంది’ అని నువ్వు కాగితం నా చేతికిచ్చి, ఆవిడకు మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళావు. నేను చదివాను. రెండో వాక్యంలో ఆగిపోయాను. షీ అంటే ఎవరో నాకు తెలియలేదు. మేడం కావచ్చు, నువ్వూ కావచ్చు. నాకు అనుమానం వచ్చిందమ్మా. పదకొండేళ్ళ దాన్నే అయినా సరిగ్గా ఆ మాట దగ్గరే వచ్చింది. నెమ్మదిగా ఆవిడనే అడిగాను. ‘ఇక్కడ షీ అంటే ఎవరండీ?’

‘నేనే’ అంది నవ్వుతూ. ‘ఇంత చిన్న సంగతి తెలియకుండానే ఫస్టు వస్తున్నావా?’

నువ్వు నీళ్ళు పట్టుకుని వచ్చి ‘ఏం రాశారే?’ అన్నావు. అనుమానం చెబితే నాకు ఇంగ్లీషు రాదని ఆవిడ అనుకుంటుందని సిగ్గేసింది. ‘మేడమే మర్చిపోయారని ఉందమ్మా, అంతా సరిగ్గానే ఉంది’ అన్నాను, తడుముకోకుండా, పెద్ద టీచరులా. నువ్వు సంతకం పెట్టావు.

అంతటితో అయితే చిన్నపిల్ల తెలియనితనం అని సరిపెట్టుకునేదాన్ని. కానీ నిన్ను పంపించేశాక యజమాని మనిషి ఇంటికి వచ్చి, ఈ కాగితం నీకు ఎవరు చదివి చెప్పారని నిన్ను అడిగాడు గుర్తుందా? నన్ను ఆయన ముందుకు లాగడం ఇష్టం లేక, ఎవరూ చదవలేదు, చూడకుండానే సంతకం పెట్టానని అన్నావు. అప్పుడు నేను తలుపు వెనకే ఉన్నాను. బయటికి వచ్చి ‘షీ అంటే నేనే అని మేడమే నాతో అన్నారు’ అని ఒక్క మాట చెబితే చాలు. అప్పుడే విచారణ జరిగేది. నీ ఉద్యోగం నీకు తిరిగి వచ్చేది, తాత గోడవైపు తిరిగేవాడు కాదు. నేను రాలేదు. ఆ మాట అర్థం కాక అడగాల్సివచ్చిందని అందరికీ తెలిసిపోతుందని రాలేదు. నువ్వు నన్ను కాపాడుతున్నాననుకున్నావు. నేను దాక్కున్నాను.

బోర్డు దగ్గర ఆవిడకు నేను చెప్పిన వాక్యం ఇది: ‘షీ అంటే నేనే అని మీరు ఒక చిన్నపిల్లకు చెప్పారు, ఆ పిల్లను నేను.’ ఆవిడ మీద పగ తీర్చుకున్నానని అందరూ అనుకుంటున్నారు. తీర్చుకున్నాను, నిజమే, కడుపు నిండా తీర్చుకున్నాను. కానీ ఆవిడ ఎస్ తుడుస్తున్నప్పుడు నాకు అర్థమైంది. ఆ పక్కనే నిలబడాల్సిన ఇంకొక మనిషి చేతిలో డస్టర్ పట్టుకుని, టీచరునని నిలబడి ఉంది.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. తాత తానే తెస్తానన్నాడు. గురువారం మధ్యాహ్నం బండికి ఎక్కిస్తున్నాను. కూతురు తోడు వస్తానంటే వద్దన్నాడు, ‘అమ్మాయి దగ్గరికి నేనొక్కణ్ణే వెళతాను’ అన్నాడు. తిరిగి పంపేటప్పుడు ఆయన కుడిచేతికి సంచి ఇవ్వకు, మెట్ల దగ్గర చూసుకో. కవరు అంటించి ఇస్తున్నాను కనుక ఇందులో ఏముందో ఆయనకు తెలియదు. ఎవరు చదివారని నిన్ను కూడా అడుగుతాడు. ఈసారి నన్ను దాచకమ్మా. ఆయనను కూర్చోబెట్టి ఈ ఉత్తరమంతా పైకి చదువు. ఈ చివరి పేజీ కూడా చదువు, ఒక్క మాట మార్చకుండా. ఆ తర్వాత నాకు ఉత్తరం రాయాలో వద్దో మీ ఇద్దరూ కలిసి అనుకోండి.

ఇట్లు,
నీ తప్పేమీ లేదని తెలిసీ ఇన్నేళ్ళు నోరు విప్పని
నీ పెద్దకూతురు